గట్టు మీది ఆటగాళ్ళు

గట్టున కూర్చున్నవాడికేం, ఎన్నైనా చెబుతాడు అని మా నాయనమ్మ అంటూ ఉండేది. నీళ్ళలోకి దిగినవాడికి గదా లోతు తెలిసేది! ఆ మాటకు అర్థం నాకు డెబ్బయ్యేండ్లు నిండిన తరువాత, బెంగుళూరులో ఒక స్కూలు మైదానపు గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసివచ్చింది. తెలిసివచ్చిన తీరు నాకు గౌరవం తెచ్చేది కాదు. అయినా పిల్లల ఆటలు చూడబోయే పెద్దలు మన ఇండ్లలో చాలామంది ఉన్నారు గనుక దాచకుండా వ్రాస్తున్నాను.

మా తాతగారు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ చిత్తూరు సీమనుంచి ఈ ఊరు చేరినారట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు, ఈ మూడింటితో మా సంసారాలు గడిచిపోయినాయి. క్రికెట్టు పిచ్చి మాత్రం మూడు తరాలుగా తగ్గలేదు. 1932లో లార్డ్స్ మైదానంలో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ సి. కె. నాయుడు. మనవలెనే బయట స్థిరపడిన తెలుగు కుటుంబంలో, నాగపూరులో పుట్టినవాడాయన. ఆయన పేరు ఎత్తితే చాలు, మా నాయన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు.

ఇప్పుడు మా మనుమడు ఎనిమిదో తరగతి చదువుతూ స్కూలు జట్టులో ఆడుతున్నాడు. రాత్రి భోజనాలు కాగానే నా మంచం మీదికి చేరి కథ చెప్పమంటాడు. రాజుల కథలు అయిపోయినాయి. ఇప్పుడన్నీ క్రికెట్టు కథలే. ఒక రాత్రి విశ్వనాథ్ కథ చెప్పాను.

1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖడే మైదానంలో ఇంగ్లండుతో ఒక టెస్టు జరిగింది. మన క్రికెట్టు బోర్డుకు యాభై యేండ్లు నిండిన సందర్భంగా పెట్టిన ఆట అది. అప్పుడు నాకు పాతికేండ్లు. 16వ తేదీన సూర్యగ్రహణం వచ్చి ఆటకు ఆనాడు సెలవిచ్చారు. మా అమ్మ తలుపులు మూసి ఎవ్వరినీ గడప దాటనివ్వలేదు కనుక ఆ తేదీ నాకు మరపు రాదు. ఆ ఆటకు మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్, భద్రావతిలో పుట్టిన మన కర్ణాటకం మనిషి. ఇంగ్లండువారు 58 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుని చిక్కులో ఉండగా బోథంకు తోడుగా బాబ్ టేలర్ వచ్చాడు. కొంతసేపటికి బంతి కీపరు చేతుల్లో పడింది, మనవాళ్ళు అరిచారు, అంపైరు వేలెత్తాడు. టేలర్ మాత్రం బ్యాటుకు బంతి తగలలేదన్నట్లు తటపటాయించాడు. విశ్వనాథ్‌కున్నూ తగలలేదనే తోచింది. ఆయన అంపైరుతో మాట్లాడి టేలర్‌ను వెనక్కు పిలిపించాడు. ఆ జంట 171 పరుగులు జత చేసింది. బోథం 114 కొట్టడమే గాక ఆ ఆటలో 13 వికెట్లు తీశాడు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం.

"ఓడిపోతే ఏమిరా! నలభై యేండ్లు దాటినా ఆ పని గూర్చి చెప్పుకుంటున్నాం గదా. గెలుపంటే అదీ!" అని నేను ముగించాను. వాడు చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

రెండు వారాల తరువాత వాళ్ళకు ఇంకొక స్కూలుతో సెమీఫైనలు వచ్చింది. మా అబ్బాయి ఆఫీసుకు సెలవు పెట్టాడు. నేనూ వాడూ గొడుగు, మంచినీళ్ళ సీసా, వేరుసెనగకాయల పొట్లం పట్టుకుని గట్టెక్కాం. అప్పటికే అక్కడ తల్లిదండ్రుల గుంపు ఉంది. ఒకాయన తన కొడుకును ముందుగా ఎందుకు పంపలేదని గొణుగుతున్నాడు. ఒకామె బౌలింగు మార్చమని లోపలికి కేకలు వేస్తూ ఉంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎండ ఎక్కినకొద్దీ నా గొంతున్నూ లేచింది. ఒక ఎల్బీడబ్ల్యూ నాకు నచ్చలేదు. తెలుగులో అంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, అంపైరుకు కండ్లద్దాలు కొనిపెట్టవలసిన అవసరాన్ని గూర్చి గట్టిగానే ప్రసంగించాను.

చివరికి రెండు ఓవర్లలో 11 పరుగులు కావలసి వచ్చింది. చేతిలో రెండే వికెట్లు. మావాడు 31 మీద ఉన్నాడు. ఒక బంతి బ్యాటు పక్కగా పోయి కీపరు చేతిలో పడింది. అవతలి పిల్లలు అరిచారు. అంపైరు తల అడ్డంగా ఊపాడు. మేము ఊపిరి పీల్చుకునేలోపల మావాడు బ్యాటు చంకన పెట్టుకుని మా వైపు నడిచి వస్తున్నాడు!

"ఒరేయ్, అవుట్ అనలేదు గదరా! నిలబడరా అక్కడే!" అని అరిచినది మరెవరో కాదు, నేనే.

అంపైరు వెనక్కు తిరిగి, మెల్లగా, స్వచ్ఛమైన తెలుగులో అన్నాడు: "పెద్దాయనా, ఇంతసేపూ నన్నంటే ఊరుకున్నాను. మాదీ తెలుగిల్లే. ఆ పిల్లవాణ్ణి మాత్రం ఏమీ అనకండి."

గట్టు గట్టంతా నవ్వింది. నాకు కూర్చున్నచోట భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆరు పరుగుల తేడాతో ఓడిపోయారు. ఒకామె మా అబ్బాయిని నిలదీసి, "మీవాడి గొప్పతనానికి తక్కిన పదిమందీ ఏడవవలెనా?" అన్నది. ఆ మాట పట్టుకుని వాడు పోయి కోచ్‌గారి మీద పడ్డాడు. "ఇదేనా మీరు నేర్పింది?" అని పిల్లలందరి ఎదుటా అడిగాడు. ఆయన, "రేపు రండి సార్, మాట్లాడుదాం" అని, ఇంకేమీ అనక సామాను సర్దుకోసాగాడు. అవతలి జట్టు పిల్లలు వరుసగా వచ్చి మావాడి చేయి పట్టుకుని ఊపిపోయారు. మా వాళ్ళెవ్వరూ వాడి దగ్గరకు పోలేదు.

ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాట లేదు. మా కోడలు వాడి ముఖం చూసి, "ఆకలిగా ఉందా నాయనా?" అని మాత్రం అడిగింది. ఆ పూట మా ఇంట్లో బుద్ధిగా పలికిన మాట అదొక్కటే.

ఆ రాత్రి వాడు నా మంచం దగ్గరకు రాలేదు. మరునాడూ రాలేదు. నేనే పోయి వాడి పక్కన కూర్చున్నాను. గోడవైపు తిరిగి పడుకునే అడిగాడు: "తాతా, ఆ కథలో ఇండియా ఓడిపోతే బాగుందన్నావు గదా. మేము ఓడిపోతే ఎందుకు బాగాలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఎప్పుడో బొంబాయిలో ఎవరో ఓడిపోయిన ఓటమిని మెచ్చుకోవడానికి నాకు ఖర్చేమీ కాలేదు. నా ఇంటి పిల్లవాడు అదే పని చేసేసరికి ఆరు పరుగుల ఖర్చు భరించలేకపోయాను. వాడు నా కథను నమ్మాడు. నేను నమ్మలేదు, అంతే భేదం.

"తప్పు నాదేరా" అన్నాను. వాడు తిరగలేదు గాని, నా చేయి తీసివేయలేదు.

మరునాడు సాయంకాలం నేనూ మా అబ్బాయీ కోచ్‌గారి దగ్గరకు పోయాం. ఆయన కన్నడంవారు, మెల్లగా మాట్లాడే మనిషి. మా అబ్బాయి ముందుగానే క్షమించమన్నాడు. ఆయన కుర్చీలు వేయించి, తన సంగతీ చెప్పాడు. జూన్ నెలలో తల్లిదండ్రులను రమ్మని చీటీలు పంపితే ముగ్గురే వచ్చారట. మిగతావాళ్ళు ఫీజుల సంగతి కాబోలు ననుకున్నారట. ఆ మిగతావాళ్ళలో మేమున్నూ ఉన్నాం.

"మీవాడికి బంతి ఆడేటప్పుడు మూడు గొంతులు వినిపిస్తాయి. లోపలినుంచి నాది, గేటు దగ్గరనుంచి మీది, గట్టు మీదనుంచి పెద్దాయనది. ఎవరి మాట వినవలెను? ఈ మూడూ వింటూ ఉంటే బంతి మీద చూపెట్లా నిలుస్తుంది?" అన్నాడు.

అవుట్ సంగతి అడిగాం. "అంపైరు అవుట్ అననప్పుడు నిలబడినా తప్పనలేం, ఆయన మాటే ఆఖరు. కాని తనకు తెలిసి నడిచిపోయినవాణ్ణి తప్పు పట్టరాదు. 2000లో క్రికెట్టు చట్టాలను తిరగవ్రాసినప్పుడు ఆటకు ఒక ధర్మం ఉన్నదని మొదటనే వ్రాసిపెట్టారు గదా" అన్నాడు. తరువాత కొంచెంసేపు ఊరుకుని, "నా తప్పూ ఉంది. ఓడిన బాధలో ఆనాడు వాడితో ఒక్క మాటైనా అనలేదు. నేను కోపంగా ఉన్నాననుకున్నాడట. జట్టుతో ఈ సంగతి ముందుగా మాట్లాడి ఉండవలసింది" అన్నాడు.

ఆ పెద్దరికం చూసి నా తల ఇంకొంచెం వంగింది.

ఆ సాయంకాలం కొన్ని ఒప్పందాలు చేసుకున్నాం. ఆట జరిగిన రోజున కోచ్‌తో ఫిర్యాదు మాట్లాడకూడదు. ఒక రాత్రి నిద్రపోయి, మరునాడు, పిల్లలు లేనిచోట మాట్లాడవలెను. మా పిల్లవాడి సంగతే అడగవలెను గాని పక్కవాడి పిల్లవానితో పోల్చరాదు. అంపైరు తీర్పు ఎత్తనే ఎత్తరాదు. ఆయన తన వంతుగా, ఎవరిని ఎప్పుడు బ్యాటింగుకు పంపేది, ఎందుకు పంపేది జట్టుకు ముందే చెబుతానన్నాడు. చెప్పకపోవడం చేతనే గట్టు మీద ఇన్ని అనుమానాలు మొలిచినవని ఆయనే ఒప్పుకున్నాడు. మరుసటి ప్రాక్టీసులో పిల్లలందరి ఎదుటా మావాడి భుజం తట్టి, ఆనాడు అనవలసిన మాట అన్నాడట. ఆ రోజు వాడు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఇంకొక పోటీకి మళ్ళీ గట్టెక్కాను. నోట్లో వేరుసెనగలు ఉంటే మాట రాదని పొట్లం పెద్దది కొన్నాను. అవతలి పిల్లవాడు బాగా కొడితే చప్పట్లు కొట్టాను; మొదట చేతులు బరువుగా లేచినమాట నిజమే, తరువాత అలవాటైంది. మావాడు ఆనాడు నాలుగు పరుగులకే అవుటయ్యాడు. తిరిగివచ్చేటప్పుడు ఎందుకు అట్లా కొట్టావని అడగలేదు. "ఆట ఎట్లా ఉండెరా?" అన్నాను. ఇల్లు చేరేదాకా వాడు చెబుతూనే ఉన్నాడు. అంతకుముందు ఎన్నడూ అన్ని సంగతులు చెప్పలేదు. నేను అడుగుతూ ఉండడంవల్లనే కాబోలు!

రాత్రి మంచం దగ్గరకు వచ్చి, "తాతా, కథ చెప్పు" అన్నాడు.

"ఏ కథరా? విశ్వనాథ్‌దా?"

"కాదు. నువ్వు అంపైరుకు దొరికిపోయిన కథ."

చెప్పాను. కండ్లద్దాల ప్రసంగంతో సహా, ఏమీ దాచకుండా చెప్పాను.