గిర్ అడవిలో జంట సింహాలు

సింహానికి తోడెందుకని ఇరవై ఏళ్ళుగా తరగతిలో నిబ్బరంగా చెబుతూ వచ్చాను. మన కావ్యాలలో సింహం గుహలోంచి ఒక్కటే వస్తుంది, ఏనుగు కుంభస్థలం ఒక్కటే చీలుస్తుంది. 2025 డిసెంబరులో గిర్ అడవి చూచి వచ్చాక ఆ మాట అనడానికి నోరు రావటంలేదు.

జునాగఢ్‌లో రైలు దిగి, బస్సులో సాసన్ చేరాము. మర్నాడు తెల్లవారుజామున జీపు ఎక్కాము. చలి సంగతి చెప్పను. నేను తెచ్చుకున్న శాలువా మా ఆవిడ కప్పుకుంది. కీకారణ్యమనుకున్నాను గాని కాదు. ఆకులు రాలుతున్న టేకుచెట్లు, ముళ్ళపొదలు, దుమ్ము. దుప్పులు మాత్రం మన ఊళ్ళో మేకలంత ధారాళం. ఆసియా సింహం స్వేచ్ఛగా బతికేది ప్రపంచం మొత్తంమీద ఈ సౌరాష్ట్రలోనే. 2025 మే లెక్కలో 891 తేలాయి.

గంట తిరిగాక గైడు జీపు ఆపించాడు. బాట పక్కన రెండు మగ సింహాలు, ఒకదాని నడుముమీద ఇంకొకటి తల ఆనించి పడుకుని ఉన్నాయి. ఇక్కడి సింహాలకు జూలు పలచన. చెవులు స్పష్టంగా కనిపిస్తాయి. కాసేపటికి పెద్దది లేచి, ఒక పొదకు మొహం రాసుకుని, వెనుదిరిగి తోక ఎత్తి దానిమీద చిమ్మింది. వెనక కాళ్ళతో నేల గీరింది.

“సరిహద్దు రాయి పాతుతోంది, సాబ్” అన్నాడు గైడు.

గిర్‌లో ఆడ మందలు వేరుగా, మగవి వేరుగా తిరుగుతాయి. మగవి ఎక్కువగా జంటలు కట్టి, ఆడ మందలు ఉన్న మేర తమ పరగణాగా కాపలా కాస్తాయి. మొదటి ఆయుధం పంజా కాదు, గొంతు. నిశ్శబ్దపు రాత్రి ఆ గర్జన ఎనిమిది కిలోమీటర్లు వినిపిస్తుంది. రెండు గొంతులు కలిస్తే, ‘ఇద్దరం ఉన్నాము, ఆలోచించుకో’ అని అర్థం. వినీ వెనక్కు తగ్గనివాడు వస్తే యుద్ధమే. ఒకటి ఎదుట నిలిచి శత్రువును తనవైపు తిప్పుకుంటుంది; రెండవది వెనకనుంచి నడుము, వెన్నెముక పట్టుకుంటుంది. ఒంటరివాడు తన వీపు తాను కాచుకోలేడు.

ఓడితే పోయేది నేల ఒక్కటే కాదు. గెలిచినవి పాతవాటి పసికూనలను చంపుతాయి. పిల్లలు పోయిన తల్లి త్వరగా మళ్ళీ ఎదకు వస్తుంది. అందుకే గిర్ ఆడ సింహాలు ఇరుగుపొరుగు జంటలతో కూడా కలుస్తాయి. కూన తనదేమో అన్న సందేహంతో మగవి చంపడానికి వెనకాడతాయి. ఆడవాళ్ళ తెలివి అడవిలోనూ తక్కువేమీ కాదు.

ఈ అడవిలో జయ్, వీరూ అని పేరుపడిన జంట ఒకటి ఉండేది. 1975 నాటి ‘షోలే’ సినిమా స్నేహితుల పేర్లే వాటికీ పెట్టారు. 2025 వేసవిలో రెండూ విడిగా ఉన్న సమయాలలో వేరే సింహాలు మీదపడ్డాయి. వైద్యం చేసినా నిలవలేదు. జూన్ 11న వీరూ, జూలై 29న జయ్ చనిపోయాయి. ఈ సంగతి చెబుతూ గైడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“కలిసి ఉంటే ఎవడు వచ్చేవాడు?” అన్నాడు.

అయితే ఈ తోడులో సమానత్వం ఉందనుకోకండి. గిర్‌లో పరిశోధకులు కొన్నేళ్ళు వెంట తిరిగి లెక్కకట్టారు. జంటలో పైచేయి అయినదానికి ఆడవాటితో కలయికలలో 70 శాతం పైగా దక్కుతాయి. తిండి రెండవదానికంటే 47 శాతం ఎక్కువ. అయినా రెండవది విడిపోదు. ఒంటరిగా పోతే ఆ మిగిలిన పాలు కూడా దక్కదు మరి! ఇది చెబుతుంటే మా ఆవిడ నావంక చూచింది. అరెకరం కోసం తమ్ముడితో ఆరేళ్ళు మాటలు మానినవాణ్ణి నేను. దుప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

పెద్ద సింహం పొదల్లోకి వెళ్ళిపోయింది. చిన్నది కదలలేదు. కొంతసేపటికి లోపలినుంచి గర్జన వినిపించింది. జీపు ఇనుము నా అరచేతికింద అదిరింది. చిన్నది ఒక్క ఉదుటున లేచి, మా ముందునుంచే బాట దాటి, గొంతు కలుపుతూ అటే పరుగెత్తింది.