పరీక్ష పిల్లవాడికి కాదు

2024 డిసెంబరు 4న దేశవ్యాప్తంగా పరఖ్ సర్వే జరిగింది. ఆ ఉదయం మూడో తరగతి చదువుతున్న మా మనవడు కడుపునొప్పి అంటూ ముడుచుకున్నాడు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. “నేను తప్పు పెడితే బడికి చెడ్డపేరొస్తుందట తాతయ్యా!” అన్నాడు.

ఉద్యోగకాలంలో ఇలాంటి పిల్లలెందరికో నులిపురుగుల మందు రాసి పంపించాను, భయమేమిటని అడగలేదు. ఆందోళన వల్ల కలిగే నొప్పి నిజమైనదే, నటన కాదు. జ్వరం, వాంతులు ఉంటే మాత్రం వైద్యునికి చూపించాలి.

ఈ సర్వేలో పిల్లలకు విడిగా మార్కులుండవు. చదువు ఎలా సాగుతున్నదో తెలుసుకుంటారంతే. వాడికదే చెప్పాను. ఇడ్లీ తిని బయలుదేరాడు.

ముందురోజు బట్టీ పట్టించకండి. 9 గంటలకు తగ్గని నిద్ర, ఉదయం ఫలహారం చాలు. సాయంత్రం “ఎన్ని వచ్చాయి?” అనకుండా “ఏం ఆడుకున్నావు?” అని అడగండి.