నోరు కట్టుకోవడమా, డబ్బా జరపడమా?

మన దేశంలో లావుగా ఉన్నవాడికి సలహా చెప్పడానికి ఏ అర్హతా అక్కర్లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు చెబుతాడు, పెళ్ళిలో ఎదురైన దూరపు బంధువు చెబుతాడు, ఆఫీసులో అందరూ చెబుతారు. "కాస్త నోరు కట్టుకోండి సార్" అని. విచిత్రం ఏమిటంటే, పొద్దున ఆ మాట అన్న పెద్దమనిషే సాయంత్రం నాలుగింటికి సమోసాల పొట్లం విప్పి మన బల్ల మీద పెడతాడు. "ఒక్కటి తింటే ఏం కాదు, తీసుకోండి" అంటాడు. రెండు మాటల్లోనూ ప్రేమే ఉంది. కానీ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఆయనకు తోచదు.

నేను రక్షణ పద్దుల శాఖలో 36 ఏళ్ళు పనిచేసి 2019లో రిటైరయ్యాను. చదివింది బి.కాం. వైద్యుణ్ణి కాను కాబట్టి వైద్యం చెప్పను, నాకు తెలిసిన లెక్క మాత్రం చెబుతాను. పుణెలో వడా పావ్, కాన్పూరులో జిలేబీ, సికింద్రాబాదులో మిర్చి బజ్జీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఊరు మారినప్పుడల్లా పదార్థం మారేది గానీ గంట మారేది కాదు. మధ్యాహ్నం మూడున్నరకి ఎక్కడైనా ఫైళ్ళు పక్కకి జరిగేవి.

2012 జూన్‌లో రక్తపరీక్ష చేయిస్తే పరగడుపు షుగరు 114 వచ్చింది. బరువు 84 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. అంటే బి.ఎం.ఐ. దాదాపు 29.8. మన దేశపు నిపుణులు 2009లో కూడి నిర్ణయించిన ప్రకారం భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. "ఇంకా షుగరు వ్యాధి కాదు, దాని గుమ్మంలో నిలబడ్డారు" అన్నాడు డాక్టరు. మందేమీ రాయలేదు. ఆయన కూడా నోరు కట్టుకోమనే చెప్పాడు.

నాకు ఆ మాటతో పని జరగదనిపించింది. ఖర్చు తగ్గించమని ఎవరికైనా చెప్పే ముందు, ఖర్చెక్కడ అవుతోందో చూడాలి కదా. అందుకని ఒక పాత పాకెట్ డైరీని రిజిస్టరు చేశాను. ఇంటి తిండి జోలికి పోలేదు. ఆఫీసు గేటు దాటాక నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ, టైముతో సహా, అప్పటికప్పుడే రాశాను. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసే పద్దు పద్దు కాదని మా వృత్తిలో మొదటి పాఠం.

22 పనిదినాల తర్వాత లెక్క ఇది. టీలు 84, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, అంటే సుమారు 10 గ్రాములు. బిస్కెట్లు 96, ఎక్కువ భాగం మారీలే. సమోసా, బజ్జీ, వడ లాంటివి 19. మిఠాయిలు 11. బిస్కెట్‌కి 25, వేపుడుకి 200, మిఠాయికి 150, టీలో చక్కెరకి 40 చొప్పున వేసుకుంటే మొత్తం 11,210 కేలరీలు. పనిదినానికి 510. టీలో పాలు కలపలేదు. ఇవి ముతక అంచనాలే, కాని వేరే పద్దులేవీ లేనప్పుడు ముతక అంచనా కూడా చాలా చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 2000 కేలరీల భోజనం తినేవారికి రోజుకు 25 గ్రాముల లోపు చక్కెర చాలంటున్నాయి. నా ఆఫీసు టీలే ఆ పరిమితి దాటి 38 గ్రాములకు చేరాయి.

"ఒక్క మారీ బిస్కెట్‌తో ఏమవుతుంది?" అని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. దీనికి పాత పద్ధతి జవాబు తప్పు. 7,700 కేలరీలకు ఒక కిలో అని భాగించుకుంటూ పోతే రోజుకొక మారీ బిస్కెట్ ఏడాదికి 1.2 కిలోలు, ఇరవై ఏళ్ళకు 24 కిలోలు పెంచాలి. అలా ఎవరూ పెరగరు. బరువు పెరిగిన కొద్దీ శరీరం ఖర్చు కూడా పెరుగుతుంది కాబట్టి ఒకచోట ఆగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ పత్రికలో మెరుగైన లెక్క ఇచ్చారు. సగటున అధిక బరువున్న వయోజనుల్లో రోజువారీ తిండిలో 24 కేలరీల స్థిరమైన మార్పుకు బరువు చివరికి సుమారు ఒక కిలో మారుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, 95 శాతం మూడేళ్ళలో జరుగుతుంది. 24 కేలరీలంటే దాదాపు ఒక మారీ బిస్కెట్. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు: ఒక్కటి తింటే ఏమీ కాదు. రోజూ ఒక్కటి తింటే ఒక కిలో అవుతుంది.

రిజిస్టరులో కేలరీల కంటే నాకు పనికొచ్చింది టైము కాలమ్. సగానికి పైగా పద్దులు మూడున్నరకీ ఐదింటికీ మధ్యవే. భోజనం ఒంటిగంటకి అయిపోయింది కాబట్టి చాలాసార్లు అది ఆకలి కాదు. రెండో సంగతి, వెతుక్కుంటూ వెళ్ళి తిన్నవి చాలా తక్కువ. బల్ల మీద డబ్బా ఉన్నందుకు తిన్నవి, ఎవరో చేతిలో పెడితే తిన్నవీ ఎక్కువ.

ఇక్కడ మన హేతువాద మిత్రులతో ఒక మాట. దేవుణ్ణి నమ్మని మనం కూడా "నిగ్రహశక్తి" అనే ఒక అదృశ్య పదార్థాన్ని సులువుగా నమ్మేస్తాం. అది కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, వాడితే అరిగిపోతుంది అని. దీనికి ఒకప్పుడు శాస్త్రం ముద్ర కూడా పడింది. 1998లో రాయ్ బామీస్టర్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఘుమఘుమలాడే బిస్కెట్లు ఎదురుగా పెట్టి, కొందరిని ముల్లంగి మాత్రమే తినమన్నారు. తర్వాత ఒక సాధ్యం కాని చిక్కుముడి ఇస్తే ముల్లంగివాళ్ళు సుమారు 8 నిమిషాల్లో వదిలేశారు, బిస్కెట్లు తిన్నవాళ్ళు సుమారు 19 నిమిషాలు ప్రయత్నించారు. పుస్తకాలు, ఉపన్యాసాలు దీని మీద వెల్లువెత్తాయి. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, 2,000 మందికి పైగా మనుషులతో, ఆ సిద్ధాంతాన్ని మరో పరీక్షతో సరిచూస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. వాదం ఇంకా పూర్తిగా ముగియలేదు గానీ, అరిగిపోయే నిగ్రహం అనేది రుజువైన వస్తువు కాదన్నంత వరకు ఒప్పుకోక తప్పదు.

నా అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. కొన్నేళ్ళు లోకల్ ఆడిట్‌లో పనిచేశాను. ఆడిట్ పార్టీ ఏ యూనిట్‌కి వెళ్ళినా పదకొండింటికి ట్రే వస్తుంది. జీడిపప్పు, సమోసా, మిఠాయి. ఎవరి స్టోర్సు లెక్క చూడటానికి వెళ్ళామో వాళ్ళ జీడిపప్పు తినకూడదని నా నియమం. టీ ఒక్కటే తీసుకునేవాణ్ణి. ఆ ట్రే ముందు నేను ఏనాడూ పోరాటం చేయలేదు, నోరూరను కూడా లేదు. అదే నాలుక, అదే మనిషి, సొంత సెక్షన్‌కి రాగానే సమోసాకి చేయి చాచేవాడు. నిగ్రహమే కారణమైతే అది పదకొండింటికి ఉండి నాలుగింటికి ఎక్కడికి పోయింది? అక్కడ నియమం ఉంది, ఇక్కడ లేదు. అంతే తేడా.

ట్రెజరీలో కూడా అంతే. క్యాషియరు నిజాయితీపరుడే. అయినా పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర చెవులు. అది క్యాషియరుకి అవమానం కాదు, ఆయన నిజాయితీని రోజూ పరీక్షకు పెట్టకుండా ఉండే ఏర్పాటు.

కాబట్టి నేను మూడే మూడు పనులు చేశాను. మొదటిది, సెక్షన్‌లో అందరితో మాట్లాడి బిస్కెట్ల డబ్బాని బల్లల మధ్య నుంచి తీసి గది అవతల ఫైళ్ళ ర్యాకు పైన పెట్టించాను. ఎవరికీ నిషేధం లేదు, లేచి వెళ్ళాలంతే. రెండోది, మూడున్నరకి తినడానికి ఇంటి నుంచి ఉడికించిన శనగ గుగ్గిళ్ళో, ఒక జామకాయో తెచ్చుకున్నాను. మూడోది, టీలు రెండుకి, చక్కెర ఒక చెంచాకి దించాను.

డబ్బా దూరం గురించి ఒక హెచ్చరిక. దీనికి చాలామంది కార్నెల్ మాజీ ఆచార్యుడు బ్రయాన్ వాన్సింక్ పరిశోధనలు ఉదహరిస్తారు. ఆఫీసు బల్ల మీద చాక్లెట్ల గిన్నె పెట్టి చేసిన పరిశీలన 2006లో బాగా పేరు పొందింది. కానీ 2018లో ఆయన పరిశోధనా పద్ధతుల్లో అక్రమాలున్నాయని ఆ విశ్వవిద్యాలయమే తేల్చింది. ఆయన పత్రాలు చాలా వెనక్కి తీసుకోబడ్డాయి. మనకు నచ్చిన ఫలితం కదా అని ఆయన్ను సాక్షిగా పిలవలేం. 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్ష వేరే అధ్యయనాలను కూడా చూసి, తిండిని దూరంగా పెడితే తినడం తగ్గవచ్చనీ, అయితే సాక్ష్యం బలం తక్కువనీ చెప్పింది. ఖర్చు సున్నా, నష్టం సున్నా కాబట్టి ఆ పాటి సాక్ష్యం నాకు చాలనిపించింది.

డబ్బా జరపడం తేలిక, మనుషులతోనే కష్టం. మా సెక్షన్‌లో ఒక మిత్రుడు శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. "ఇవాళ శనివారం" అని ఆయన ఒక్క మాట అంటే చాలు, ప్లేటు గౌరవంగా ముందుకు సాగిపోయేది. నేను "బరువు తగ్గాలి, వద్దు" అంటే మాత్రం విచారణ మొదలు. "ఏమంత లావున్నారు సార్?" "మా అమ్మాయి పాసైన స్వీటు, కాదంటారా?" "రేపట్నుంచి మొదలుపెట్టండి." దేవుడి కోసం మానేస్తే హక్కు, క్లోమగ్రంథి కోసం మానేస్తే మొహమాటం. ఒకాయన నా మేలు కోరి, "మీరూ ఒక్కపొద్దని చెప్పెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అని సలహా ఇచ్చాడు. పనిచేసే సలహానే. కానీ అబద్ధం ఆడి కొనుక్కునే గౌరవం నాకక్కర్లేదన్నాను. "నేను ఆఫీసులో స్వీట్లు తినను" అని మాత్రం చెప్పడం మొదలుపెట్టాను. కారణం చెబితే కారణం మీద వాదిస్తారు, నియమం చెబితే వాదించడానికి ఏమీ దొరకదు.

తిరుపతి లడ్డూ వచ్చిన రోజు ఇంకో చిక్కు. నేను వద్దంటే నాస్తికుడు కాబట్టి వద్దన్నాడనుకునేవారు. అందుకని చిటికెడు తీసుకుని, తెచ్చినాయనతో ఇలా అనేవాణ్ణి: "అన్నా, ఇది మీ స్నేహం కోసం. మిగతాది వద్దనడం నా షుగరు కోసం. దీంట్లో మీ దేవుడితో నాకు పేచీ లేదు." ఆయన నవ్వేవాడు. శనగపిండి, చక్కెర, నెయ్యికి మతం లేదు. ప్రసాదం అయినంత మాత్రాన కేలరీలూ తగ్గవు.

ఈ ఒత్తిడి నవ్వులాటగానే ఆగిపోయి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. నా పక్క సీటు మిత్రుడు నలభై దాటగానే షుగరు వ్యాధి బారిన పడ్డాడు. మెత్తని మనిషి, ఎవరికీ వద్దని చెప్పలేడు. పుట్టినరోజులు, ప్రమోషన్లు, అక్టోబరు 1న మా శాఖ దినోత్సవం, మార్చి 31 రాత్రి పద్దులు మూసేటప్పుడు తెప్పించే టిఫిన్లు, అన్నీ ఆయన ముందు కూడా ఆగేవి. ఆయన పాదం మీద పుండు మానలేదు. 2014లో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. చిరుతిళ్ళ వల్లే కాలు పోయిందని నేననను. మందులు, నడక, ఆలస్యంగా చూపించుకోవడం, వంశం, ఎన్నో ఉంటాయి. ఒక్క కారణాన్ని పట్టుకుని ఊగడం మన పద్ధతి కాదు.

కానీ ఒక దృశ్యం మాత్రం చెప్పాలి. ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న రోజు వీడ్కోలు సభ జరిగింది. దండ, శాలువా, ప్రసంగాలు. తర్వాత అందరికీ ప్లేట్లు. ఒక సమోసా, ఒక గులాబ్ జామ్, గుప్పెడు చిప్స్. చక్రాల కుర్చీలో ఉన్న ఆయన చేతికీ అదే ప్లేటు. ఇచ్చినవాడికి దురుద్దేశం ఏమీ లేదు. వీడ్కోలు ప్లేటంటే అదే అని అందరికీ అలవాటు. ఆయన ప్లేటు ఒళ్ళో పెట్టుకుని అందరి వంకా చూసి, జామ్ తిన్నాడు. వద్దంటే మమ్మల్ని నొప్పించినట్టవుతుందని.

ఆ తర్వాతి నెల నేనే ఒక కాగితం రాసి అందరి సంతకాలు తీసుకున్నాను. వీడ్కోలు ప్లేటులో గుగ్గిళ్ళు, జామ ముక్కలు, మజ్జిగ. స్వీటు కావలసినవారికి పక్క బల్ల మీద విడిగా. మొదట్లో "పథ్యం ప్లేటు" అని వెక్కిరించారు. విడిగా పెట్టిన స్వీట్లు మొదటిసారే సగానికి పైగా మిగిలిపోయాయి. ఇన్నాళ్ళూ ఎంతమంది మొహమాటానికి తిన్నారో ఆ మిగిలిన పెట్టే చెప్పింది.

నా సంగతికొస్తే, 2012 డిసెంబరులో మళ్ళీ 22 పనిదినాలు రాస్తే మొత్తం 5,080కి దిగింది. 30 రోజులకు పంచితే రోజుకు 204 కేలరీల తగ్గుదల. హాల్ లెక్క ప్రకారం చివరికి ఎనిమిదిన్నర కిలోలు తగ్గాలి. 2015 చివరికి 76 కిలోలకు వచ్చాను, అంటే ఎనిమిది. అంకెలు ఇంత దగ్గరగా కలిస్తే ఆడిటర్‌కి సంతోషం కంటే అనుమానం ముందు రావాలి. అదే కాలంలో రెండు బస్ స్టాపుల దూరం నడవడం కూడా మొదలుపెట్టాను. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. పైగా బి.ఎం.ఐ. ఇప్పటికీ 27 దగ్గరే ఉంది. గుమ్మంలోంచి లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

ఇంకా ఉద్యోగాల్లో ఉన్న మిత్రులు డబ్బా ఎక్కడ పెట్టాలో మీ సెక్షన్ చూసి మీరే తేల్చుకోండి. నేను అడిగేది ఇంకొకటి. తోటివాడు వద్దన్నప్పుడు ప్లేటు ఒక్కసారి చాచండి, మర్యాద. రెండోసారి చాచకండి. కారణం కూడా అడగకండి, శనివారం ఒక్కపొద్దువాణ్ణి అడగరు కదా.