పెళ్లికాని జంటకు అద్దె ఇల్లు

పెళ్లి కాకుండా కలిసి ఉండడం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో నటి ఖుష్బూ కేసులో చెప్పింది. పెళ్లిని పోలిన సహజీవనంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం రక్షణ కూడా ఇచ్చింది. అయినా ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఇల్లు వెతికే జంటకు ఎదురయ్యేది కోర్టు కాదు, ఇంటి యజమాని. అద్దె, అడ్వాన్సుల కన్నా ముందు ఆయన అడిగేది పెళ్లయిందా అని. వివక్షను నిషేధించే రాజ్యాంగం 15వ అధికరణ మతం, కులం, లింగం వంటివి పేర్కొంటుంది; వైవాహిక స్థితి అందులో లేదు. పైగా ఆ నిషేధం ప్రధానంగా ప్రభుత్వానికే. కాబట్టి ‘ఇవ్వను’ అన్న యజమానిని నిలదీయడానికి చట్టంలో పట్టు తక్కువ. 2024లో బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టే, ఒక బిడ్డ సంరక్షణ కేసులో, సహజీవనాన్ని భారతీయ సంస్కృతికి మచ్చగా అభివర్ణించింది. ఇక యజమానులను మాత్రమే తప్పుపట్టడం ఎలా? ఇల్లు దొరికినవాళ్లు ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించుకోవడం మేలు. ఒకరి పేరే ఉంటే రెండోవారు కాగితం మీద అతిథే.