పరభాష నేర్పుట

అమరకోశము, శబ్దమంజరి, ఆంధ్రమహాభారతము తండ్రిగారి యొద్ద ఇంటనే చదువుకొన్న మేము ఒకనాడు పిల్లలకు ఆంగ్లము నేర్ప పూనుకొందుమని కలలోనైన తలంపలేదు. ఆ పనిలో మేము చేసిన తప్పును, దానివలన కలిగిన తెలివిని మీతో చెప్పుకొనుటకే ఈ వ్రాత.

మా నివాసము పూర్వపు వరంగల్లు జిల్లాలోని డోర్నకల్లు. మావారు ప్రభుత్వ పాఠశాలలో గణితోపాధ్యాయులు. తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరము మొదలుకొని ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. త్రైరాశికమును తెలుగున నల్లేరుపై బండినడకగా చెప్పెడి మావారు ఆంగ్లమున రెండు వాక్యములు పలికి మూడవదానికై తడుముకొనవలసి వచ్చెను. పిల్లల అవస్థ అంతకంటె అధికము. అందుచే సాయంకాలములందు ఎనమండుగురు పిల్లలను మా అరుగుపై కూర్చుండబెట్టుకొని, పుస్తకములవలన మేము నేర్చిన ఆంగ్లమును వారికి నేర్పసాగితిమి.

మాకు తెలిసిన బోధన ఒక్కటియే: వల్లె వేయించుట. అమరము మాకట్లే వచ్చెను. ‘గో, వెంట్, గాన్’ అని పిల్లలు ఎక్కములవలె అప్పగించిరి. నెల గడచినను, ‘నిన్న ఎక్కడికి పోతివి?’ అని ఆంగ్లమున అడుగగా ఒక్కరును నోరు విప్పరైరి. ఒకనాడు తండానుండి వచ్చెడి లంబాడీ బాలిక ధైర్యము చేసి, ‘ఎస్టర్‌డే మదర్ ఫీవర్. ఐ నో గో స్కూల్’ అనెను. మేము వెంటనే ‘నో గో కాదు, డిడ్ నాట్ గో’ అని అందరి యెదుట గద్దించితిమి. తక్కినవారు నవ్విరి. మరునాడు మొదలు ఆ పిల్ల రాలేదు.

నాలుగు దినములు చూచి మావారితో చెప్పితిమి. ఆయన నెమ్మదిగా, “నీవు తప్పును విన్నావు, తల్లికి జ్వరమన్న మాట వినలేదు” అనిరి. ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు.

మరునాటి ఉదయమున తండాకు పోయితిమి. ఆ బాలిక తల్లితో లంబాడీ భాషలోను, మాతో తెలుగులోను మాటలాడుచు, నడుమ నిలిచి ఇరువురకును మాటలు చేరవేయుచుండెను. ఆ పిల్లకు తెలుగే పరభాష యని అప్పుడు గాని మాకు స్ఫురింపలేదు. “నీకు తెలుగు ఎవరు నేర్పిరే?” అని అడిగితిమి. “ఎవ్వరు నేర్పలేదమ్మా. దుకాణంల ఉప్పు కావాలంటే అడగాలె గదా!” అనెను.

ఏండ్లకొలది వ్యాకరణము చదివిన మాకు ఆ యొక్క మాట గురూపదేశమయ్యెను. అవసరము పడినచోట భాష వచ్చును. తమిళదేశమున పుట్టి, 1909లో ఇటకు వచ్చి, 1912లో డోర్నకల్లు బిషప్పైన అజరయ్యగారు ముప్పది దాటిన పిదప తెలుగు నేర్చినదియు ఇచ్చటి జనులతో మాటలాడవలసి వచ్చుటచేతనే.

ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై 1958లో హైదరాబాదున వెలసిన సంస్థయే నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా పెరిగినది. మేము అచ్చటికి పోజాలము గాని, ఇంట గ్రంథములు చదువవచ్చును గదా! ఎన్. ఎస్. ప్రభుగారు 1979 మొదలు 1984 వరకు దక్షిణదేశపు కొన్ని పాఠశాలలలో చేసిన ప్రయోగమును గూర్చి చదివితిమి. వ్యాకరణసూత్రములతో మొదలిడక, పటములు, రైళ్ల వేళల పట్టికలు పిల్లల ముందుంచి, వానినుండి జవాబులు వెదకించిరి. మనస్సు అర్థముపై నిలిచినపుడు భాషారూపము తానై పట్టుబడునని వారి అభిప్రాయము. రైళ్ల పట్టిక అనగానే మాకు నవ్వు వచ్చెను. మా ఊరు జంక్షను! కాజీపేట, విజయవాడల నడుమ ప్రధానమార్గమునుండి కొత్తగూడెమునకు పోవు దారి ఇచ్చటనే చీలును.

ఆ పిల్లను బ్రతిమాలి తోడ్కొని వచ్చితిమి. ఒక కాగితముపై మా ఇష్టము చొప్పున వేళలు వ్రాసి, ‘అవ్వ ఉదయము కొత్తగూడెమునకు పోయి, చీకటి పడకమునుపే తిరిగి రావలెను; ఏ బండి?’ అని ఆంగ్లమున అడిగితిమి. పిల్లలు వాదులాడుకొనిరి. ‘దిస్ ట్రైన్ నో! లేట్!’ అని ఆ పిల్ల కేక వేసెను. ‘ఎస్, దిస్ ట్రైన్ ఈజ్ టూ లేట్’ అని మేము సరియైన రూపమును జవాబులోనే ఇమిడ్చి పలికితిమి. కొన్ని వారములకు ఆ రూపమే వారి నోట వినవచ్చెను.

పిల్లల తప్పులకును కారణముండును. తెలుగుమాటలు అచ్చులతో ముగియును గనుక ‘బుక్కు, పెన్ను’ అందురు. మన క్రియ వాక్యము తుదిని నిలుచును. ఆంగ్లమున కర్మకు ముందే వచ్చును. ‘నాకు ఇద్దరన్నలు కలరు’ అను మాట ఆంగ్లమునకు పోవునప్పటికి ‘నేను’ కర్తయగును. ఇది తెలివితక్కువ కాదు, ఇంటిభాష వేసిన ముద్ర. ఆ భేదమును తెలుగున విప్పి చెప్పిన బిడ్డ సులువుగా గ్రహించును. ఆంగ్లమును పిలుచుటకు తెలుగును వెడలగొట్ట పనిలేదు.

ఒకనాడు ఆ బాలిక, “అమ్మా, ‘వీ’ అంటే మేమా, మనమా?” అని అడిగెను. ఆంగ్లమున రెంటికిని ఒకటే మాట యని చెప్పితిమి. “మరెట్ల తెలుస్తది, నన్ను కలుపుకున్నరో లేదో?” అనెను. మాకు జవాబు తోచలేదు. ఆ బిడ్డను మేము కలుపుకొనని దినము జ్ఞప్తికి వచ్చి తల వంచుకొంటిమి.

తల్లులారా! మీ బిడ్డ పరభాషలో తప్పుగా పలికినపుడు, ఏమి చెప్పవచ్చెనో ముందు వినుడు. దిద్దుటకు పిదప వేళ కలదు.