పేరు లేని ఫొటో

బెంగళూరు నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో కూర్చుని ఫోన్‌లో ఒక పాత ఫొటో చూస్తున్నాను. బ్రిటిష్ కాలం నాటి లంబాడీ స్త్రీ. మోచేతి పైదాకా గాజులు, చెంపల పక్కన వేలాడే ఘుగ్రీలు, అద్దాల రవిక. కింద కులం పేరుంది, మనిషి పేరు లేదు. ఎవరి భార్యో, ఎందరి తల్లో అసలే లేదు.

అప్పట్లో అదొక శాస్త్రం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచేవాడు. రంగాచారితో కలిసి 1909లో తెచ్చిన ఏడు సంపుటాల్లో లంబాడీలు నాలుగోదాంట్లో ఉన్నారు. అంతకు చాలా ముందే యూరోపియన్లు దక్షిణాఫ్రికా ఖోయిఖోయి తల్లుల బొమ్మలు వేశారు. వీపున బిడ్డ, కాళ్లకు తోలు చుట్లు. ఆ చుట్లను పేగులనుకున్న యాత్రికులూ ఉన్నారు.

వాళ్లను తప్పుపట్టడం తేలికే. కానీ హిందూపురం స్టేషన్ వచ్చింది.

ఇక్కడే హాస్టల్లో ఉండి చదివాను. ఎనిమిదో తరగతిలో పేరెంట్స్ మీటింగ్‌కి మా యాడిని, అంటే అమ్మని, 'అవన్నీ తీసేసి, మామూలు చీర కట్టుకుని రా' అన్నాను. సుగాలోళ్ల పిల్లోడని అందరికీ తెలిసిపోతుందని సిగ్గు. కాసేపు నా మొహంలోకి చూసి 'సరే' అంది. అలాగే వచ్చింది. చెంపలు బోసిగా ఉన్నాయి. గాజులుండే చోట చర్మం పాలిపోయి ఉంది.

ఘుగ్రీలు పెళ్లయినవాళ్లే పెట్టుకుంటారు. భర్త పోతే మోచేతి పై గాజులు తీసేస్తారు. తాత పోయినప్పుడు అవ్వకి తీయడం నా కళ్లారా చూశాను. అయినా ఆ రోజు నాకు తట్టలేదు. నాన్న అప్పుడు బతికే ఉన్నాడు. తండాలో ఎవరి కంటా పడకుండా, తెల్లవారకముందే చేతుల నిండా కొంగు కప్పుకుని బయల్దేరిందని అక్క చాలా ఏళ్లకి చెప్పింది.

పెనుకొండ దాటింది. మా తండా ఈ పక్కనే. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. నాన్న పోయి రెండేళ్లయింది. యాడి ధర్మవరంలో అక్క దగ్గరుంటోంది. ఆ గాజులూ ఘుగ్రీలూ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు నేను బతిమాలినా పెట్టుకోదు.

ఫోన్‌లో ముక్కూమొహం తెలియని లంబాడీ ఆడవాళ్ల ఫొటోలు నలభై దాకా దాచుకున్నాను. ఆ నగలతో మా యాడి ఫొటో ఒక్కటీ లేదు.