“అన్నం తిన్నావా?” అని అడిగితే సరిపోదు

హాస్టల్లో ఉన్న బిడ్డకు ఫోన్ చేయగానే మీరు అడిగే మొదటి మాట ఇదే కదా! అవనిగడ్డలో కూర్చుని నేనూ రోజూ రాత్రి ఇదే అడిగేదాన్ని. “తిన్నానమ్మా” అనేది మా అమ్మాయి. నమ్మేదాన్ని.

తను పదో తరగతి దాకా మన స్కూల్లోనే చదివింది. ఇంటర్ సెలవుల్లో గుడివాడలో బంధువుల పెళ్లికి వెళ్తే, “ఏమే, బాగా ఒళ్లు చేశావు!” అని ఎవరో నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ సంగతి నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు.

డిగ్రీ రెండో ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లను చూసి గుండె గుభేలుమంది. దవడలు పీక్కుపోయాయి. మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టర్ తీయదు. రొయ్యల ఇగురు వండి పెడితే, కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయింది. దిష్టి తగిలిందని మా అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. నేను తిట్టాను, బతిమాలాను, దగ్గర కూర్చుని బలవంతంగా తినిపించాను. తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకునేది.

మూడు నెలలుగా నెలసరి రావడం లేదని తెలిశాక బందరులో మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాం. “ఇది మొండితనం కాదమ్మా, జబ్బు. అనొరెక్సియా అంటారు. ఒకేసారి ఎక్కువ పెట్టేయకండి. చాలాకాలం పస్తులున్న ఒంటికి అలా పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ముప్పు” అన్నారావిడ. అప్పటిదాకా నేను చేసింది అదే!

రక్తపరీక్షలు, కొలత ప్రకారం భోజనం, వారం వారం కౌన్సెలింగ్. ఇంట్లో బరువు మాట, రంగు మాట బంద్. రాత్రి అందరం కలిసే తింటాం.

ఇంకా పూర్తిగా కోలుకోలేదు. మొన్న మాత్రం తనే అడిగి మరోసారి పెరుగన్నం పెట్టించుకుంది. నేనేమీ అనలేదు, ఆవకాయ జాడీ దగ్గరకు జరిపానంతే.

మీ పిల్లలు భోజనం తప్పించుకుంటున్నా, తిన్న వెంటనే బాత్‌రూమ్‌కు వెళ్తున్నా, కళ్లు తిరిగి పడుతున్నా తిట్టకండి, డాక్టరుకు చూపించండి. మగపిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చే నెల తను మళ్లీ హాస్టల్‌కు వెళ్తుంది. ఈసారి ఫోన్‌లో ముందు “ఎలా ఉన్నావమ్మా?” అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేదాకా వింటాను.